అద్దాల రాజు పాట ఆపిన రోజు

బహ్రెయిన్‌లో ఇప్పుడు ఏ క్యాంపుకు వెళ్ళి అద్దాల రాజు ఎవరని అడిగినా, ఆ మాత్రం తెలియకుండా ఈ దేశంలో ఎలా బతుకుతున్నావన్నట్టు చూస్తారు. వెంటనే ఫోను తీసి చూపిస్తారు. ఒళ్ళంతా అద్దం ముక్కలు పొదిగిన కోటు, భుజాల మీద చెవులదాకా లేచిన వెండిరంగు రెక్కలు, జానెడు మడమల బూట్లు, కనురెప్పల మీద నెమలి నీలం, పెదాలకు ఎర్రరంగు. పక్కన కరెంటు గిటారు హోరెత్తిస్తుంటే ఆ మనిషి నడుం మీద చెయ్యి వేసుకుని, గొంతు పైకెత్తి, అచ్చ తెలుగులో అందుకుంటాడు. కింద వేలమంది ఊగిపోతుంటారు.

ఆ మనిషి పేరు భూమేష్. సల్మాబాద్‌లో ఒక బళ్ళ షెడ్డులో పెయింటరు. ఎవడో గుద్ది తెచ్చిన కారుకు కొత్త రంగు కొట్టి పంపడం అతని డ్యూటీ. యూట్యూబు వాళ్ళు మైకులు పట్టుకుని వచ్చి అతని కథ చెప్పించుకుపోయారు. కూలివాడు తారయ్యాడని పెద్ద పెద్ద అక్షరాలతో వేసుకున్నారు. అంతా బాగానే ఉంది. అసలతను ఎందుకు పాడాలనుకున్నాడు, అది దక్కిందా లేదా అని మాత్రం ఒక్కడూ అడగలేదు. దక్కలేదు. ఆ సంగతి చెప్పడానికే ఈ కథ. తక్కినదంతా ఫోనుల్లో ఉంది, చూసుకోవచ్చు.

భూమేష్‌ది ఆర్మూరు దిక్కు. పుట్టింది చిందు వాళ్ళ ఇంట్లో. చిందు వాళ్ళంటే భాగోతం ఆడేవాళ్ళు. మొహానికి అర్దళం అనే పసుపురంగు పూసి, కిరీటాలూ భుజకీర్తులూ కట్టి, రాత్రికి రాజులూ రాణులూ అయ్యేవాళ్ళు. తెల్లారి వేషం కడుక్కున్నాక ఊరవతల తమ వాడకు తాము నడిచిపోయేవాళ్ళు. ఒక్కో చిందు ఇంటికి కొన్ని ఊళ్ళ మీద మిరాశి ఉంటుంది. అంటే ఆ ఊళ్ళలో ఆడే హక్కు ఆ ఇంటిదే, ఇంకొకరు అక్కడ గజ్జె కట్టడానికి లేదు.

హక్కు అనగానే మురిసిపోవద్దు. భూమేష్ వాళ్ళ మిరాశి ఊళ్ళో దాని పక్కనే ఒక మర్యాద కూడా ఉండేది. దానికి మర్యాద అని పేరు పెట్టినవాడికి సిగ్గులేదు. ఊరి పటేలు ఎప్పుడు ఆటకొస్తే అప్పుడు ఆట ఆగాలి. యుద్ధం నడుస్తున్నా ఆగాలి, రాణి చచ్చిన బిడ్డ మీద పడి ఏడుస్తున్నా ఆగాలి. వేషంలో ఉన్నవాళ్ళు ముందుకొచ్చి, నడుం వంచి, పటేలు తాత పేరూ తండ్రి పేరూ చదివి దండం పెట్టాలి. ఆయన కూర్చుని చెయ్యెత్తి "కానియ్" అన్నాక మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఆగినచోటు నుంచి ఎత్తుకుంటే ఆయన్ని తక్కువ చేసినట్టట.

భూమేష్ తల్లి రాములవ్వ రాణి వేషానికి పేరు మోసిన మనిషి. ఆమె ఏడుపు దరువు అందుకుంటే ముసలివాళ్ళు కూడా కండువాతో కళ్ళు ఒత్తుకునేవాళ్ళు. భూమేష్ చిన్నప్పుడు ఒకసారి ఆమె అలా పాడుతుండగా పటేలు వచ్చాడు. పాట ఆగింది. కళ్ళలో నీళ్ళు ఉండగానే ఆమె నవ్వు మొహం పెట్టి వంగింది. ఆయన కూర్చున్నాడు, కానియ్ అన్నాడు. ఆమె మొదటినుంచి పాడుకుంటూ సరిగ్గా ఆ ఏడుపు దగ్గరికి వచ్చేసరికి పటేలు బావమరిది వచ్చాడు. మళ్ళీ మొదటికి. ఆ తర్వాత ఇంకెవరో. తెల్లారేసరికి ఆమె గొంతు పగిలిపోయింది. ఆ గొంతు మళ్ళీ అతుక్కోలేదు. ఇప్పటికీ ఆమె ఫోనులో మాట్లాడితే ఎవరో మగమనిషి మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

హార్మోనియం పక్కన కూర్చుని అదంతా చూసిన భూమేష్‌కు ఆ రోజే ఒక కోరిక పుట్టింది. పెద్ద కోరికేం కాదు. ఒక్క పాట. మొదటినుంచి చివరిదాకా, ఎవడొచ్చినా ఆగకుండా. గొంతు ఎంతదూరం పోతే అంతదూరం పోనిచ్చి, ఆపాలనిపించినప్పుడు తనే ఆపాలి. లోకంలో ఎందరో రోజూ స్నానాలగదిలో చేసే పనే అది. అతని వంశంలో ఎవ్వరికీ జనం ముందు ఆ భాగ్యం పట్టలేదు.

పెద్దయ్యాక వేషం కట్టనని తెగేసి చెప్పి, నిజామాబాద్ పోయి బళ్ళకు రంగులు కొట్టడం నేర్చుకున్నాడు. అక్కణ్నుంచి బహ్రెయిన్. చాలా ఏళ్ళు నోరు తెరవలేదు. ముక్కుకు మాస్కు, చేతిలో రంగు కొట్టే గన్ను, ఎదురుగా కారు తలుపు. క్యాంపు, కంపెనీ బస్సు, షెడ్డు. అదే బతుకు.

కదిలించింది జూన్ అనే ఫిలిప్పీనో. హూరాలో ఒక హోటల్లో గిటారు వాయించేవాడు. పాత కారు బంపరుకు రంగు వేయించుకోవడానికి షెడ్డుకొచ్చి, అక్కడున్న ఒక డబ్బా మీద మనసు పారేసుకున్నాడు. ఇటు తిప్పితే ఆకుపచ్చ, అటు తిప్పితే ఊదా కనిపించే రంగు అది. తన గిటారుకు అది వేయమని బతిమాలాడు. భూమేష్ దాన్ని నునుపు తేల్చి, పొర మీద పొర వేసి, ఆరబెట్టి ఉంచాడు. శుక్రవారం, అక్కడి సెలవు రోజున, తీసుకుపోవడానికి వచ్చిన జూన్ షెడ్డులోనే చిన్న స్పీకరుకు తగిలించి ఒక్కసారి మీటాడు. రేకుల కప్పు అదిరింది. భూమేష్ ఏం చేస్తున్నాడో తెలియకుండానే అమ్మ పాడే ఏడుపు దరువు ఎత్తుకున్నాడు. జూన్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ వాయించడం ఆపలేదు, వెంటపడి వచ్చాడు. అలా పాట చివరిదాకా వెళ్ళింది. వినడానికి పగిలిన కార్లు తప్ప ఎవరూ లేరు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోవడానికి వీల్లేదని భూమేష్ అనుకున్నాడు. జనం ముందు పాడాలి. అదీ లెక్క.

తర్వాత జూన్ తన ఫోనులో ఎప్పటివో తెల్లదొరల పాటలు చూపించాడు. మగవాళ్ళే. మొహాన పౌడరు, కళ్ళకు కాటుక, మిలమిలలాడే బట్టలు, ఎత్తుమడమల బూట్లు. భూమేష్ పడీపడీ నవ్వాడు. వీళ్ళెవరో మా చిందోళ్ళే అన్నాడు. తర్వాత ఒక సందేహం వచ్చింది. వీళ్ళు పాట మధ్యలో ఎవరికైనా దండం పెడతారా అని వచ్చీరాని హిందీలో అడిగాడు. జూన్‌కు ఆ ప్రశ్నే ఎక్కలేదు. లేదు భాయ్, జనమే వీళ్ళకు దండం పెడతారు అన్నాడు. అంతే, భూమేష్ మరి ఆగలేదు.

వేషం ముత్తన్న చేతిమీద తయారైంది. ముత్తన్న భూమేష్ గదిలోనే ఉండే పెద్దమనిషి, ఏసీ గొట్టాలకు రేకులు కత్తిరించే పని. రేకు అతని మాట వింటుంది. మిగిలిపోయిన ముక్కలతో భుజాల రెక్కలు వంచాడు. నువైద్రాత్ దగ్గర పాతబళ్ళ సామాన్ అమ్మే చోట పగిలిన కారు అద్దాలు ఏరుకొచ్చి, అంచులు అరగదీసి, పాత కోటుకు అతికించాడు. డ్యూటీ బూట్ల కింద చెక్క బిగించి మడమలు లేపాడు. పనిచేస్తున్నంతసేపూ తిట్టాడు. ఇంటికాడ ఇడిసిపెట్టిన వేషం దుబాయికొచ్చి కడతానంటావేం పిచ్చోడా అని. గల్ఫ్‌లో ఏ దేశమైనా వాళ్ళకు దుబాయే. తిడుతూనే ఒక్కో అద్దం ఊడకుండా రెండుసార్లు జిగురు పెట్టాడు.

మొదటి ఆట క్యాంపు ముందున్న ఖాళీస్థలంలో, ఒక శుక్రవారం సాయంత్రం జరిగింది. భూమేష్ లిప్‌స్టిక్ పెట్టుకుని బయటికి రాగానే ఈలలు, కూతలు. ఆడంగి అన్నారు, ఇంకా అనరాని మాటలు కూడా అన్నారు. అతను పట్టించుకోలేదు. తనే కట్టుకున్న పాట అందుకున్నాడు.

ఊరి బండ్లకు రంగులేస్తి, నా మొకమెవడు జూడడాయె,
అద్దమయ్యి నిలవడితి, ఇగ నీ మొకమే నాల జూడు

అస్తమిస్తున్న ఎండ అద్దాల మీద పడి, ఆ వెలుతురు కూర్చున్నవాళ్ళ మొహాల మీద తిరిగింది. కూతలు ఆగిపోయాయి. వారమంతా సిమెంటులో నానినవాళ్ళు లేచి నిలబడ్డారు. సగం పాట కాగానే పవర్ పోయి స్పీకరు ఆగిపోయింది. పాట చివరిదాకా వెళ్ళలేదు గానీ అద్దాల రాజు పుట్టేశాడు.

అక్కణ్నుంచి గబగబా పైకి పోయాడు. ఆ వీడియో క్యాంపు నుంచి క్యాంపుకు పాకింది. కువైట్ వాళ్ళు చూశారు, ఊళ్ళ వాళ్ళు చూశారు. జూన్ ఆడే హోటల్ వాళ్ళు అతన్నీ పిలిచారు. అక్కడ పాట మధ్యలో కప్పులు, పళ్ళేలు చప్పుడవుతాయి, ఎవడో బిల్లు తెమ్మంటాడు, మేనేజరు టైం అయిందని చెయ్యి ఊపుతాడు. అదీ లెక్కలోకి రాదు. షెడ్డు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అతని ఇంటి పిల్లలకు కూడా అద్దాల కోటు పిచ్చి పట్టింది. ఆట ఉన్నరోజు కఫీలే వచ్చి, చాలు, ఖలాస్, పో అని తొందరగా పంపించేవాడు. హైస్కూలు చదివే తెలుగు పిల్లలు భుజాల మీద అట్టముక్కల రెక్కలు కట్టుకుని రీళ్ళు చేశారు. వాళ్ళను చూసి వాళ్ళ అమ్మానాన్నలకు అప్పుడు తెలిసింది, సల్మాబాద్‌లో కూడా మనుషులు ఉంటారని.

ఆ అమ్మానాన్నల తరఫున లక్ష్మీనారాయణ వచ్చాడు. కాకినాడ మనిషి, పెద్ద ఆఫీసులో ఉద్యోగం, తెలుగువాళ్ళ సంఘానికి కార్యదర్శి. కారుకు లేని గీత ఉందని చెప్పి షెడ్డుకొచ్చి, ఆ గీత సంగతి మర్చిపోయి, ఉగాది పండగకు పెద్ద హాలు తీసుకున్నామని, అద్దాల రాజే ముఖ్య ఆకర్షణ అని చెప్పాడు. భూమేష్ గన్ను కింద పెట్టి ఒకే ఒక షరతు అడిగాడు. పాట మధ్యలో ఎవ్వరూ ఆపొద్దు. ఉపన్యాసాలూ శాలువాలూ ఏవున్నా ముందో తర్వాతో పెట్టుకోండి. లక్ష్మీనారాయణ పెద్దగా నవ్వాడు.

"నిన్నెవరయ్యా ఆపేది? మధ్యలో ఎవడైనా స్టేజీ ఎక్కితే నేనే దింపేస్తాను, సరేనా?"

అన్న మాట మీద నిలబడ్డాడు కూడా. ఆ విషయంలో అతన్ని తప్పుపట్టడానికి లేదు.

ఆట సంగతి చెబుదామని భూమేష్ తల్లికి ఫోను చేశాడు. రాములవ్వ అంతా విని, సంతోషించకుండా ఒకటే అడిగింది.

"ఆడ మన పటేండ్లు ఎవలన్న ఉన్నరా బిడ్డా?"

"ఇది దుబాయి అవ్వా. ఈడ పటేలూ లేడు, చిందోడూ లేడు. అందరం డ్యూటీకి పోయెటోళ్ళమే."

ఆ మాట అతను గాలికి అన్నది కాదు. నమ్మే అన్నాడు. నమ్మడానికి కారణం ఉంది. ఆ ఊరి పటేలు కొడుకు లింబాద్రి బహ్రెయిన్‌లోనే ఉన్నాడు. బోర్లు ఎండిపోయి, ఉన్న భూమి వాటాల్లో చీలిపోయి, తండ్రి పోయాక ఒక క్లీనింగ్ కంపెనీలో చేరి ఆఫీసుల అద్దాలు కడుగుతున్నాడు. సల్మాబాద్‌లో ఒక కిరాణా కొట్టు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డ రోజు భూమేష్ అలవాటుగా దండాలు పటేలా అనబోయాడు. లింబాద్రే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఈడ పటేల్ గిటేల్ అనకు భూమేష్. లింబాద్రి అను. నేను సుత కడిగి బతికెటోన్నే."

ఇద్దరూ పక్కపక్కన నిలబడి చాయ్ తాగారు. ఒకే పొట్లంలో బిస్కెట్లు తిన్నారు. ఆ రోజు భూమేష్ క్యాంపుకు వచ్చి ముత్తన్నతో, తాతలనాటి ఉచ్చు తెగిపోయిందన్నాడు. అందుకే ఉగాది ఆటకు అతనే లింబాద్రిని పిలిచాడు. తను ఆగకుండా పాడటం ఆ ఊరివాడు ఒక్కడైనా కళ్ళారా చూడాలని అతని పంతం. పంతం అంటే పంతమే, అందులో తప్పేం లేదు. పిలవకపోతే బాగుండేదని ఇప్పుడు అనుకుని లాభం లేదు.

ఉగాది నాటి హాలు కిటకిటలాడింది. ముందు వరసల్లో పట్టుచీరలు, జరీ పంచెలు. వెనక వరసల్లో క్యాంపుల నుంచి బస్సుల్లో వచ్చినవాళ్ళు. లక్ష్మీనారాయణ చెప్పినట్టే ఉపన్యాసాలు ముందే అయిపోయాయి, శాలువాలు ముందే కప్పేశారు. అద్దాల రాజు వేదిక మీదికి వచ్చాడు. దీపాలు అతని మీద పడగానే హాలు నాలుగువైపులా వెలుతురు ముక్కలు పరిగెత్తాయి. కూర్చున్నవాళ్ళు కేరింతలు కొట్టారు. తెర పక్కన నిలబడ్డ ముత్తన్న మెడ నిక్కించి, ఊడిపోయిన అద్దాలేమైనా ఉన్నాయా అని చూస్తున్నాడు.

భూమేష్ ఆ రోజు పాడినట్టు ఎప్పుడూ పాడలేదు. తన పాటలోనే అమ్మ ఏడుపు దరువు కలిపి కట్టుకున్నాడు. కింది నుంచి మొదలై మెట్టుమెట్టుగా ఎక్కే పాట అది. జూన్ గిటారు పక్కనే ఎక్కుతోంది. అమ్మ గొంతు పగిలిన చోటు దగ్గరకు వచ్చింది, దాటింది. దాటాక ఇంకా పైకి దారి ఉందని అతనికి మొదటిసారి తెలిసింది. కళ్ళ రంగు చెంపల మీదికి కారుతోంది. ఇంకొక్క చరణం. అది పాడి, ఆఖరి మాటను ఊపిరి ఉన్నంత మేరా పట్టుకుని, తనంతట తను వదిలేస్తే అయిపోతుంది.

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది.

లింబాద్రి. ఓవర్‌టైం పడి, కంపెనీ బస్సు ఆలస్యమై, బట్టలు మార్చుకునే వీలు కూడా లేక, కంపెనీ యూనిఫాంతోనే వచ్చాడు. పాపం, అతనికి ఏ దురుద్దేశమూ లేదు. ఎక్కడ ఖాళీ ఉందో చూసుకుంటూ, చేతులు వెనక్కి కట్టుకుని, మధ్య దారిలో ముందుకు నడిచి వస్తున్నాడు. అది వాళ్ళ నాన్న నడక. ఆటకు ఆలస్యంగా వచ్చిన పటేలు నడక.

భూమేష్ గొంతు ఆగింది. ఎవరూ ఆపలేదు. లక్ష్మీనారాయణ ఆపలేదు, కరెంటు పోలేదు, లింబాద్రి కూడా ఇంకా తలెత్తి చూడనేలేదు. గొంతు దానంతటది ఆగింది. కాళ్ళు వాటంతటవి వేదిక అంచుకు నడిచాయి. నడుం వంగింది. పాట కంటే ముందు ఇంట్లో నేర్పింది ఆ వంగడమే. ఆరేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పుడు, సరిగ్గా వంగలేదని తండ్రి వీపు మీద కొట్టి కొట్టి నేర్పాడు. ఆ చదువు ఎక్కడికీ పోలేదు. అద్దాల కోటు కిందే ఉంది.

"దండాలు పటేలా. రాజన్న పటేల్ మనుమడివి, నడ్పి గంగారాం పటేల్ కొడుకువి. దయచేయుండ్రి, దయచేసి గద్దెమీద కూసుండుండ్రి."

మైకులో ఆ మాటలు హాలంతా వినిపించాయి. జూన్ వేళ్ళు ఆగిపోయాయి. లింబాద్రి దారి మధ్యలో బిత్తరపోయి నిలబడ్డాడు. వద్దని చెయ్యి ఊపి ఉండొచ్చు. సిగ్గుపడి వెనక్కి పోయి ఉండొచ్చు. నవ్వేసి ఉన్నా సరిపోయేది. కానీ అతనికీ ఇంట్లో ఒకటి నేర్పారు. మొహం మీద చెమట అలాగే ఉంది, కంపెనీ పేరు రొమ్ము మీద అలాగే ఉంది, చెయ్యి మాత్రం పైకి లేచింది.

"కానియ్," అన్నాడు.

ముందు వరసలో ఎవరో లేచి అతనికి కుర్చీ ఇచ్చారు. భూమేష్ నడుం ఎత్తి, వెనక్కి నడిచి, పాట మొదటినుంచి మొదలుపెట్టాడు. ఒక్క క్షణం తర్వాత హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అబ్బ, ఏం కట్టాడ్రా నాటకం అన్నారు. ఎంత బాగా ప్లాన్ చేశాడు, ఆ యూనిఫాం మనిషి కూడా నటుడేనా అన్నారు. పట్టుచీరలు కళ్ళు తుడుచుకున్నాయి. రెండోసారి పాడిన పాట ఎలా ఉందో ఎవరూ వినలేదు, పాడినవాడు కూడా వినలేదు. గొంతు అమ్మ గొంతు పగిలిన చోటుదాకా వెళ్ళి, అక్కడే చతికిలబడింది.

పాట అక్కడితోనే ముగిశాక లక్ష్మీనారాయణ వేదిక ఎక్కి, లింబాద్రిని పైకి పిలిచి, ఒక శాలువా మిగిలి ఉంటే అది కప్పించాడు. మన సంప్రదాయాన్ని కాపాడిన కుటుంబం అన్నాడు. లింబాద్రి రెండు చేతులూ జోడించి ఏడ్చేశాడు. చాలా ఏళ్ళుగా ఎవరూ తనను మనిషిలా చూడని చోట ఒక్కసారిగా పటేలు అయితే ఏడుపు రాదా. వచ్చింది. భూమేష్ పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాడు. కొట్టక చస్తాడా.

లోపల గదిలో ముత్తన్న రెక్కల మరలు ఊడదీస్తూ నిలదీశాడు.

"ఎవడు మొక్కుమన్నడు నిన్ను? ఎవడన్న అన్నడా?"

"ఎవ్వలు అనలే. అని ఉంటే ఆని మీద గుస్సా అయినా చేస్తుంటి."

అప్పుడే లింబాద్రి శాలువాతో గదిలోకి వచ్చాడు. భూమేష్ అద్దంలోంచే అతన్ని చూస్తూ, చెయ్యెందుకెత్తినవ్ అని అడిగాడు. లింబాద్రి మొహం ఎర్రబడింది. కిరాణా కొట్టు దగ్గర చాయ్ తాగిన మనిషి కాదు అది.

"నువ్వెందుకు ఆపినవ్ రా? నువ్వు ఆపకపోతే నేను యాడ్నో ఎన్కకు పోయి కూసుంటుంటి."

ఇద్దరిదీ నిజమే. ఇద్దరూ ఒకే గొయ్యిలో ఉన్నారు, ఒకడు కింద, ఒకడు వాడి భుజాల మీద. అంతకుముందు లింబాద్రి అతన్ని భూమేష్ అని పిలిచేవాడు, ఆ రోజునుంచి రా అనడం మొదలుపెట్టాడు. భూమేష్ కూడా మళ్ళీ లింబాద్రి అని పిలవలేదు.

వీడియో ఊరికి వెళ్ళింది. రాములవ్వ ఫోను చేసింది. అమ్మ ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని భూమేష్ చెవి దగ్గర పెట్టుకోవడానికే భయపడ్డాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"మంచిగ వంగినవ్ బిడ్డా. మీ నాయినకన్న సక్కగ వంగినవ్," అంది ఆ పగిలిన గొంతుతో.

కన్నతల్లి మెచ్చుకుంటే గుండె కోసుకుపోవడం ఏమిటో ఆ రోజు అతనికి తెలిసింది. ఫోను పెట్టేసి బాత్‌రూంలోకి వెళ్ళి, నల్లా తిప్పి ఏడ్చాడు.

అసలైన పేరు ఆ తర్వాతే వచ్చింది. అంతవరకూ క్యాంపుల్లో తార, ఆ తర్వాత దేశమంతటా తార. అందరికీ ఆ ఆగడమే కావాలి. లక్ష్మీనారాయణ రెండో ఆటకు మాట్లాడటానికి వచ్చినప్పుడు భూమేష్ మళ్ళీ తన షరతు చెప్పాడు. ఈసారి అసలు ఆగకుండా పాడతానన్నాడు. లక్ష్మీనారాయణ అతని భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు.

"పాట ఎవరైనా పాడతారయ్యా. జనం వచ్చేది నువ్వు ఆపడం చూడటానికి. అది తీసేస్తే నువ్వెవరు చెప్పు?"

భూమేష్ కాదనలేకపోయాడు. ఎందుకు కాదనలేకపోయావని ముత్తన్న ఇప్పటికీ దెప్పుతుంటాడు. షెడ్డులో ముక్కుకు మాస్కు కట్టుకుని బతికినవాడికి వేలమంది ముందు వెలుతురులో నిలబడే అలవాటు పడితే, ఆ వెలుతురు ఏ ధరకు దొరికినా వదలబుద్ధి కాదు. అది ముత్తన్నకు చెప్పినా అర్థం కాదు.

మొదట్లో లింబాద్రే ఫోను చేసి, ఈ శుక్రారం నేనెప్పుడు రావాలెరా అని అడిగేవాడు. కొన్నాళ్ళకు అతని అవసరం తీరిపోయింది. అంతకంటే పెద్దవాళ్ళు వరసలో ఉన్నారు. కంపెనీల యజమానులు, డాక్టర్లు, ఇండియా నుంచి విమానంలో దిగిన అతిథులు. వాళ్ళ తాతల పేర్లు, తండ్రుల పేర్లు ముందురోజే భూమేష్ ఫోనుకు వచ్చేస్తాయి. బహ్రెయిన్‌లో తెలుగు పెద్దమనుషులు ఇప్పుడు ఏ ఆటకూ వేళకు రారు. బయట కార్లో ఏసీ వేసుకుని కూర్చుని, పాట పైకి ఎక్కిందని కబురు అందాక నడిచి వస్తారు. ఫ్లాట్లలో పుట్టి పెరిగిన పిల్లలకు కూడా చెయ్యి ఎంత ఎత్తాలో తెలుసు. జూన్ ఆ ఆగే చోటుకు సరిపోయేలా గిటారు మీద ఒక చిన్న ముక్క కూడా కట్టాడు. లింబాద్రి అద్దాలు కడుగుతూనే ఉన్నాడు. శాలువా పెట్టెలో ఉంది.

మొన్న జరిగిన ఆటకు రావలసిన అతిథి రాలేదు. విమానం రద్దయిందట. ఇంకొకరిని కుదిర్చే వ్యవధి లేకపోయింది. లక్ష్మీనారాయణ చెమటలు కక్కుకుంటూ వచ్చి, ఈ ఒక్కసారికి నీ ఇష్టమయ్యా, ఆపకుండానే పాడెయ్ అన్నాడు. ముత్తన్న వినీ విననట్టు నటిస్తూనే కోటు అద్దాలు మళ్ళీ ఒకసారి తుడిచాడు. భూమేష్ వేదిక మీదికి వెళ్ళాడు.

హాలు నిండుగా ఉంది. తలుపులు మూసి ఉన్నాయి. వచ్చేవాళ్ళెవరూ లేరు, ఆపేవాళ్ళెవరూ లేరు. చిన్నప్పుడు కోరుకున్నది అచ్చంగా అదే. పాట మొదలైంది, ఎక్కింది. అమ్మ గొంతు పగిలిన చోటు దాటింది. ఆఖరి చరణం ముందు అతని కళ్ళు తలుపు వైపు పోయాయి. తలుపు తెరుచుకోలేదు. అతను అదే పాదం మళ్ళీ పాడాడు, మళ్ళీ తలుపు వైపు చూశాడు. ఇంకోసారి పాడాడు. జూన్ కళ్ళతోనే ముందుకు పొమ్మని సైగ చేశాడు. తెర పక్కన ముత్తన్న గొంతు తగ్గించి, పోనియ్ భూమేష్, పోనియ్ అంటున్నాడు. భూమేష్ ముందుకు పోలేకపోయాడు. ఆ తర్వాత పాట ఎలా ఉంటుందో అతనికి నిజంగానే తెలియదు.

పాట ఆపాడు. వేదిక అంచుకు వచ్చి, మూసిన తలుపుకు నడుం వంచి దండం పెట్టాడు. చదవడానికి ఏ పేరూ లేదు కాబట్టి ఊరికే వంగి ఉండిపోయాడు. అతన్ని లేపడానికి మనిషి లేడు. తర్వాత ముందు వరసలో ఒక చెయ్యి లేచింది, పక్కది లేచింది, వెనక వరసల్లో క్యాంపుల వాళ్ళవీ లేచాయి. ఇన్ని ఆటలు చూసినవాళ్ళకు ఏమనాలో తెలుసు. వేల గొంతులు ఒక్కటై "కానియ్" అన్నాయి.

అద్దాల రాజు లేచి మొదటినుంచి మొదలుపెట్టాడు.